మూడో వారంలో ఖాళీ అవుతున్న వేణువు క్లాసు: కడప నుంచి ఒక కేస్ స్టడీ

కొత్తగా వేణువు క్లాసు పెట్టిన టీచర్లు నాకు ఫోన్ చేస్తే ముందుగా అడిగేది ఒకటే: "పిల్లలు ఎలా వస్తారు సార్?" ఈ కేసులో పిల్లలు వచ్చారు. పెద్దవాళ్లూ వచ్చారు. కానీ నిలవలేదు. సొంతంగా క్లాసు పెట్టుకున్న చాలామందిని దెబ్బతీసేది ఇదేనని నా అనుభవం. అందుకే ఈ కేసు రాస్తున్నాను.

ఊరు కడప అన్నది నిజం. పేట, కుటుంబం, విద్యార్థుల వయసులు, ఉద్యోగాలు లాంటివి కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను. ఆ టీచరు చదివి సరేనన్నాకే బయటపెడుతున్నాను.

నేపథ్యం

ఆమె సంగీత కళాశాలలో వేణువులో డిప్లొమా చేసింది. గుళ్లో, పెళ్లిళ్లలో వాయించడం అలవాటే. నేర్పడం మాత్రం కొత్త. పెళ్లయ్యాక కడపకు వచ్చింది. ఇంటి ముందుగదిలో చాప పరిచి, ఆధార స్వరం వినిపించే శ్రుతి పెట్టె పెట్టుకుని ఏప్రిల్ చివర్లో క్లాసు మొదలుపెట్టింది. సెలవుల్లో అయితే ఎక్కువమంది వస్తారని ఆ నెల ఎంచుకుంది. ఆ లెక్క తప్పలేదు. అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్, నాలుగు వీధుల్లో పాంప్లెట్లు, మొదటి క్లాసు ఉచితం. పదిహేను మంది దాకా చేరారు. ఆరేళ్ల పిల్లవాడి నుంచి రిటైరైన పెద్దాయన దాకా అందరూ ఒకే బ్యాచ్. సాయంత్రం ఆరింటికి, వారానికి రెండు రోజులు, గంటసేపు. నెలకు ఎనిమిది వందలు.

కడపలో సంగీతానికి గిరాకీ లేదనడానికి లేదు. అన్నమయ్య పుట్టిన తాళ్లపాక రాజంపేట దగ్గరే. దేవుని కడప గుడి ఊళ్లోనే ఉంది, ఆ కడపరాయుడి మీద అన్నమయ్య కీర్తనలూ ఉన్నాయి. నేర్చుకోడానికి వచ్చే పెద్దవాళ్లలో చాలామందికి ఒక్క అన్నమయ్య కీర్తనైనా సొంతంగా వాయించాలన్నదే కోరిక. పిల్లల్ని తీసుకొచ్చే తల్లిదండ్రులు అడిగేది వేరు: "సర్టిఫికెట్ వస్తుందా మేడం?"

ఆమె చెప్పిన సమస్య

జూలైలో ఫోన్ చేసింది. అప్పటికి నలుగురు మిగిలారు. "బడులు తెరిచినారు సార్, ట్యూషన్లు మొదలైనాయి. ఇంగ ఎవరూ రావట్లేదు. మళ్లీ ఎండాకాలం దాకా ఇంతేనా?" అంది. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. క్లాసు మూసేసి ఏదైనా ప్రైవేటు స్కూల్లో మ్యూజిక్ టీచరుగా చేరిపోదామా అన్న ఆలోచన కూడా ఉంది.

నాకు ఫోన్ చేసే ముందే ఆమె రెండు పనులు చేసింది. మొదటిది, ఫీజు ఎనిమిది వందల నుంచి అయిదు వందలకు తగ్గించింది. మానేసినవాళ్లెవరూ తిరిగి రాలేదు, ఎందుకంటే వాళ్లలో ఒక్కరు కూడా ఫీజు ఎక్కువని మానలేదు. పైగా ఉన్నవాళ్లలో ఒకాయన "ఎందుకు తగ్గించారు మేడం, మీకు వేరే పనేమైనా దొరికిందా?" అని అడిగాడట. రెండోది, పాటలు. స్వరాలు బోరు కొడుతున్నాయేమోనని రెండో వారం నుంచే ఒక కీర్తన పల్లవిని వేళ్ల నంబర్లు రాసిచ్చి నేర్పింది. నాదం పలికే ఇద్దరు ముగ్గురు దాన్ని పట్టుకున్నారు. పలకని వాళ్లకు ఏ వేలు ఎక్కడ పెట్టాలో తెలిసింది, వేణువు నుంచి గాలి మాత్రమే వచ్చింది. పక్కన కూర్చున్న పిల్లాడు పాట వాయిస్తుంటే తన దాంట్లోంచి ఉస్సుమని గాలి రావడం కంటే పెద్ద నిరుత్సాహం ఉండదు.

హాజరు పుస్తకం ఏం చెప్పింది

బడులు తెరవడం వల్లే మానేశారన్న మాటను నేను వెంటనే ఒప్పుకోలేదు. హాజరు పుస్తకం ఫొటో తీసి పంపమన్నాను. చూస్తే మానేసినవాళ్లలో సగానికి పైగా మే మధ్యలోనే ఆగిపోయారు. బడులు తెరిచింది జూన్‌లో. అంటే బడుల మీద నింద వేయడానికి తేదీలు ఒప్పుకోవు.

అప్పుడు ఆమెను ఒక పని చేయమన్నాను. ప్రతి పేరు పక్కన ఒక గడి గీసి, ఆ మనిషి చివరిసారి వచ్చిన రోజున 'స' స్వరాన్ని శ్రుతిలో ఎనిమిది అక్షరాల సేపు (తాళంలో ఎనిమిది లెక్కలు) నిలపగలిగారా లేదా అన్నది జ్ఞాపకం ఉన్నంతలో రాయమన్నాను. మిగిలిన నలుగురికీ 'అవును'. మానేసినవాళ్లలో దాదాపు అందరికీ 'కాదు'. మినహాయింపు ఒక్కరు, తండ్రికి వేరే ఊరికి బదిలీ అయిన అమ్మాయి.

ఇక ఫీజు, పాంప్లెట్, ట్యూషన్ అన్నవి పక్కకు పోయాయి. వీణ తీగ మీటితే ఏదో ఒక ధ్వని వస్తుంది. హార్మోనియం మెట్టు నొక్కితే స్వరం వస్తుంది. వేణువులో మొదటి ధ్వని కోసమే కష్టపడాలి. అది రాని మనిషి మూడు వారాలకు మించి ఆగడు. ఆ మూడు వారాల్లో ఆ గదిలో ఏం జరుగుతోందో చూడాలనుకుని కడప వెళ్లి క్లాసులో కూర్చున్నాను.

గదిలో కనిపించినవి

మొదట కనిపించింది ఫ్యాన్. మిగిలిన నలుగురితో పాటు ఆ రోజు కొత్తగా వచ్చిన తొమ్మిదేళ్ల పాప ఒకతె ఉంది. గది మధ్యలో, సరిగ్గా ఫ్యాన్ కింద కూర్చుంది. పెదాలు బాగానే పెట్టింది, వేణువు పలకలేదు. నన్ను చూసి సిగ్గుపడిందేమో అనుకున్నారు. పాపను గోడ దగ్గరికి జరిపి, ఫ్యాన్ ఆపి, ఊదమన్నాను. రెండో ఊపిరికి సన్నగా పలికింది. పాప కళ్లు పెద్దవయ్యాయి, ఊదడం ఆపేసి వాళ్లమ్మ వైపు చూసింది.

ఇందులో వింతేమీ లేదు. పెదాల మధ్య నుంచి వచ్చే సన్నటి గాలి ఊదే రంధ్రం అవతలి అంచుకు తగిలి చీలితేనే నాదం పుడుతుంది. పైనుంచి వచ్చే ఫ్యాన్ గాలి దాన్ని పక్కకు తోసేస్తుంది. అనుభవం ఉన్నవాళ్లు పెదాలు సర్దుకుని నెట్టుకొస్తారు. కొత్తవాళ్లకు అసలు పలకదు. కడపలో మే నెలంటే నలభై డిగ్రీలు దాటే ఎండ, ఫ్యాన్ లేకుండా కూర్చోలేం. ఆమె క్లాసు మొదలుపెట్టింది సరిగ్గా ఆ నెలల్లోనే. కూలర్ గాలి ఎదురుగా తగిలే వరసలో కూర్చున్నవాళ్లే ముందుగా మానేశారని తర్వాత పుస్తకం చూసి ఆమే చెప్పింది.

రెండోది వేణువులు. ఒక్కరి దగ్గర ఉన్నది ఇంకొకరి దగ్గర లేదు. ఒకటి తిరునాళ్లలో కొన్నది, ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించింది, ఒకటి ఇంట్లో ఎప్పటినుంచో ఉన్నది. 5 శ్రుతి, 4 శ్రుతి, ఏ శ్రుతికీ చెందనివి కూడా. ఈ అంకె వేణువు ఆధార స్వరాన్ని చెబుతుంది, అంకె తగ్గేకొద్దీ వేణువు పొడవు పెరుగుతుంది. శ్రుతి పెట్టె ఒకదానికే పెట్టగలం కదా. అంటే గదిలో ఎవరో ఒకరే శ్రుతిలో ఉంటారు, మిగతావాళ్లు ఎంత బాగా ఊదినా తప్పుగానే వినిపిస్తుంది. ఒకాయన వేణు విద్వాంసుడు ఎన్. రమణి గారి కచేరీలు విని, ఆ గంభీరమైన నాదం మీద మోజుతో పొడవాటి 1 శ్రుతి వేణువు కొనుక్కున్నాడు. ఆయన ఉంగరం వేలు కింది రంధ్రాన్ని పూర్తిగా మూయలేకపోతోంది. ఏళ్ల సాధన తర్వాత పట్టాల్సిన వేణువుతో ఆయన మొదటి రోజే మొదలుపెట్టాడు.

మూడోది పాఠం వరస. ఆమె నేర్చుకున్న పద్ధతిలోనే మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు (మొదటి స్వర పాఠాలు) చెబుతోంది. పురందరదాసు కాలం నుంచి వస్తున్నదని మనం చెప్పుకునే వరస అది, గాత్రానికి చాలా మంచిది. వేణువు మీద మాత్రం ఆ రాగంలోని శుద్ధ రిషభం (తగ్గు 'రి'), శుద్ధ ధైవతం (తగ్గు 'ద') పలకాలంటే రంధ్రాన్ని సగం మూయాలి. పూర్తిగా మూయడమే రాని వేలుకు సగం మూయమని చెప్తున్నామన్నమాట. ఇంతకంటే పెద్ద గండం గాంధారం తర్వాత ఉంది. 'గ' పలికేటప్పుడు వేళ్లన్నీ పైకి లేచి ఉంటాయి. వెంటనే వచ్చే 'మ'కు ఆరు రంధ్రాలూ ఒక్కసారిగా మూతపడాలి, ఊపిరి కూడా అదే క్షణంలో కొంచెం గట్టిపడాలి. ఏ ఒక్క వేలు సందిచ్చినా 'మ' రాదు, కీచుమంటుంది. సరిగమ అంటే నాలుగే అక్షరాలు కదా అని పిల్లలు అనుకుంటారు. వేణువులో ఆ నాలుగో అక్షరం ఒక్కటే వారం తినేస్తుంది.

నాలుగోది, పెద్దవాళ్లూ పిల్లలూ కలిసి కూర్చోవడం. పదేళ్ల పిల్లలకు నాదం త్వరగా వస్తుంది, ఎందుకంటే వాళ్లు గట్టిగా ప్రయత్నించరు. బ్యాంకులో పనిచేసే ఒకావిడ పట్టుదల కొద్దీ గట్టిగా ఊది, రెండు నిమిషాలకే తల తిరిగి గోడకు ఆనుకుంది. పక్కన పిల్లలు నవ్వలేదు గానీ ఆమె వాళ్లవైపు చూడలేకపోయింది.

మార్పులు, ఒక్కోదాని వెనక ఆలోచన

అన్నీ ఒకేసారి మార్చొద్దన్నాను. ఏది పనిచేసిందో తెలియకుండా పోతుంది.

ముందు వేణువులు. విద్యార్థిని కొనుక్కురమ్మనడం మానేయమన్నాను. తనకు తెలిసిన తయారీదారు దగ్గర కొన్ని వేణువులు తెప్పించి, ఒక్కోటీ తానే ఊది, శ్రుతి పెట్టెతో సరిచూసి దగ్గర పెట్టుకోవాలి. చిన్న చేతులకు 5 శ్రుతి, పెద్దవాళ్లకు 3 శ్రుతి, ఈ రెండే రకాలు. మొదటి నెల డిపాజిట్ తీసుకుని వాడుకోనివ్వాలి. నచ్చితే అదే కొనుక్కుంటారు, మానేస్తే వేణువు వెనక్కి, డబ్బు వెనక్కి. దీనికి ఆమె మొదట భయపడింది, పెట్టుబడి కదా. కానీ వేణువు తప్పా, తన పెదవి తప్పా అన్న అనుమానం కొత్తవాడికి ఉండకూడదు. టీచరు చేతుల్లో పలికిన వేణువే తన చేతిలో ఉందని తెలిస్తే, ఇక సరిచేసుకోవాల్సింది తన పెదవినే అని అర్థమవుతుంది. ఇలా చేయడంతో బ్యాచ్‌లు కూడా వాటంతట అవే విడిపోయాయి. 5 శ్రుతి వాళ్లు ఒక పూట, 3 శ్రుతి వాళ్లు ఇంకో పూట. పెద్దవాళ్లను పిల్లల నుంచి వేరు చేస్తున్నామని ఎవరికీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

రెండోది, కొత్తవాళ్లను బ్యాచ్‌లోకి నేరుగా తీసుకోకపోవడం. మొదటి మూడు వారాలు ఒక్కొక్కరికి విడిగా, వారానికి మూడుసార్లు, ఇరవై నిమిషాలే. గంటసేపు ఊదే శక్తి కొత్త పెదాలకు ఉండదు. అలసిన పెదవి తప్పు అలవాటు నేర్చుకుంటుంది. 'స' ఎనిమిది అక్షరాలు నిలిచాకే బ్యాచ్‌లోకి. ఒక గంటలో ముగ్గురినే చూడగలదు కాబట్టి ఒకసారికి ఆరుగురికి మించి కొత్తవాళ్లను చేర్చుకోకూడదు. ఇక్కడ ఆమె వాదించింది: "వచ్చినోళ్లని వెనక్కి పంపితే మళ్లీ వస్తారా సార్?" న్యాయమైన ప్రశ్నే. కానీ పదిహేను మందిని తీసుకుని నలుగురిని నిలుపుకున్న లెక్క ఆమె పుస్తకంలోనే ఉంది.

ఆ ఇరవై నిమిషాల్లో ఏం చేయాలన్నది మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. చేతిలో చిన్న అద్దం. ఊదే రంధ్రాన్ని కింది పెదవికి ఆనించి, నెమ్మదిగా బయటికి తిప్పుతూ, ధ్వని వచ్చిన చోట ఆపడం. అప్పుడు అద్దంలో పెదవి ఎలా ఉందో చూసుకోవడం. వేణువు దించేసి, మళ్లీ పెట్టి, అదే చోటు వెతుక్కోవడం. నాదాన్ని పట్టుకోవడం కంటే పోయిన నాదాన్ని మళ్లీ వెతుక్కోవడమే అసలు పాఠం, ఎందుకంటే ఇంట్లో ఆ పక్కన టీచరు ఉండదు. తల తిరిగేవాళ్లకు నాలుగు ఊపిర్లు ఊది వేణువు దించమనాలి. సాధారణంగా వాళ్లు అవసరానికి రెండింతలు ఊదుతుంటారు. పెద్దవాళ్లు మెడ వంచి వేణువు దగ్గరకు వెళ్తారు, వేణువునే ముఖం దగ్గరకు తెచ్చుకోమని చెప్పాలి. రిటైరైన పెద్దాయన మెడనొప్పి ఇలాగే తగ్గింది.

మూడోది స్వరాల వరస. ముందు 'స' ఒక్కటే, పై రెండు వేళ్లతో. తర్వాత ఒకటొకటిగా వేళ్లు ఎత్తుతూ రి, గ. ఆ తర్వాత పైకి పోకుండా 'స' నుంచి కిందికి దిగి మంద్రంలో (కింది స్థాయిలో) ని, ద, ప. ఈ దారిలో వేళ్లు ఒకటి తర్వాత ఒకటి మూసుకుంటాయి, ఊపిరిని గట్టి చేయాల్సిన పని లేదు. ఇది కుదిరాకే గాంధారం ('గ') నుంచి మధ్యమానికి ('మ') దాటించాలి. సరళీ వరసలు అవే, రాగం మాత్రం మొదట హరికాంభోజి. అందులో సగం మూసే వేలు లేదు. రెండు నెలలయ్యాక అవే వరసలు మాయామాళవగౌళలో. ఇది ఆమెకు అంత సులువుగా మింగుడుపడలేదు. గురువు చెప్పిన వరస తప్పినట్టు అనిపించింది. మాయామాళవగౌళను వదిలేయమనడం లేదు, వేళ్లు సిద్ధమయ్యే దాకా ఆగమంటున్నానంతే అన్నాను. వేణువు నేర్పేవాళ్లలో చాలామంది హరికాంభోజితోనో శంకరాభరణంతోనో మొదలుపెడతారు. పరీక్షకు వెళ్లే పిల్లలు సిలబస్‌లో ఉన్నవి ఎలాగూ నేర్చుకుంటారు.

ఫ్యాన్ సంగతి అన్నిటికంటే చవకగా తేలింది. గోడ వెంట చాపలు, మధ్యలో ఖాళీ. ఎండాకాలంలో పిల్లల క్లాసు పొద్దున ఆరున్నరకు. పొద్దున క్లాసుకు ఇంకో లాభం కూడా ఉంది. వేడి పెరిగే కొద్దీ వేణువు శ్రుతి పైకి జరుగుతుంది. మధ్యాహ్నం వేడికి కాగిన గదిలో శ్రుతి పెట్టెతో ఆ తేడా చెవికి తెలిసిపోతుంది. వేణువును ఎండలో, బండి డిక్కీలో పెట్టొద్దని, అప్పుడప్పుడు లోపల పలచగా నూనె రాయమని ఒక కాగితం అచ్చువేయించింది. ఈ పొడి ఎండకు వెదురు పగులుతుంది.

పని చేయనివి కూడా

కొందరు తల్లిదండ్రులు ఇంటికొచ్చి చెప్పమన్నారు. ఫీజు ఎక్కువ వస్తుందని ఒప్పుకుంది. ఒక ఇంట్లో టీవీ, ఇంకో ఇంట్లో చుట్టాలు, పిల్లాడు నాలుగుసార్లు లేచి నీళ్లకు వెళ్లడం. ఆపేసింది. ఊళ్లు తిరిగే ఉద్యోగి ఒకరికి ఆన్‌లైన్‌లో చెప్పి చూసింది. ఫోన్లోని శబ్దాలు తగ్గించే ఏర్పాటు దీర్ఘంగా పట్టిన స్వరాన్ని గోల అనుకుని కోసేస్తోంది. వేళ్లు చూడొచ్చు, నాదం వినలేం. నాదం కుదిరినవాళ్లకు మధ్యలో ఒకటి రెండు క్లాసులు అలా నడపొచ్చేమో గానీ కొత్తవాళ్లకు వద్దని ఇద్దరం అనుకున్నాం.

ఫీజు మళ్లీ పెంచింది, వెయ్యి, నెల మొదట్లోనే. మొదటి క్లాసు ఉచితం అన్నది తీసేసింది. దానికి బదులు పిల్లల్ని చేర్చుకునే ముందు పది నిమిషాలు చూస్తుంది: చేతి వేళ్లు రంధ్రాలకు అందుతున్నాయా, ముందు పళ్లు ఉన్నాయా. ఏడేళ్ల బాబు ఒకడికి పై ముందు పళ్లు రెండూ ఊడిపోయి ఉన్నాయి. పళ్లు వచ్చాక తీసుకురమ్మంది. "మా వాడికి అన్నీ తొందరగా వస్తాయి మేడం" అని వాళ్లమ్మ నొచ్చుకుంది. అంతదాకా తాళం వేస్తూ సరళీ స్వరాలు పాడించడానికి వారానికొక రోజు రమ్మని ఒప్పించింది. తర్వాతి ఏడాది వాడు వేణువు పట్టుకునేసరికి స్వరాలు నోటికొచ్చేశాయి, ఇక పెదవి సంగతే మిగిలింది.

ఏడాది తర్వాత

రెండో ఎండాకాలంలో ఆమె ఆరుగురేసి చొప్పున విడతలుగా చేర్చుకుంది. మొదటి నెలలో మానేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు గానీ, విడతకు ఒకరో ఇద్దరో. వాళ్లు కూడా డిపాజిట్ వెనక్కి తీసుకుని సంతోషంగానే వెళ్తున్నారు, ఇంకొకరిని పంపిస్తున్నారు. బ్యాంకు ఆవిడ కీర్తన పల్లవి దాకా వచ్చింది. 1 శ్రుతి వేణువు కొన్న ఆయన దాన్ని గోడకు తగిలించి 3 శ్రుతితో మొదలుపెట్టాడు. మధ్యమం దగ్గర ఇంకా తడబడుతున్నాడు.

ఇలాంటి క్లాసు పెట్టేవాళ్లకు

హాజరు పుస్తకంలో తేదీ పక్కన నాదం గడి కూడా ఉంచండి. మనిషి మానేసిన నెల కంటే, అప్పటికి ఎక్కడ ఆగిపోయాడో తెలిస్తే ఏది మార్చాలో తెలుస్తుంది. మానేసినవాళ్లు చెప్పే కారణాన్ని అలాగే తీసుకోవద్దు. "పని ఎక్కువైంది మేడం" అనేవాళ్లలో చాలామందికి నాకు రావట్లేదు అని చెప్పడానికి నోరు రాదు. పెద్దవాళ్లయితే మరీను. పాట ఎప్పుడు నేర్పాలన్నది వారాల లెక్కతో తేల్చకండి. గాంధారం నుంచి మధ్యమానికి మూడుసార్లు వరసగా కీచు లేకుండా దాటితే ఆ రోజే పల్లవి ఇవ్వొచ్చు, అది నెలకు వచ్చినా మూడు నెలలకు వచ్చినా.

తేలనిది ఒకటి మిగిలింది. పదో తరగతికి వెళ్లే పిల్లలు జూన్‌లో నిజంగానే ఆపేస్తున్నారు. వాళ్లకు నాదం ఉంది, ఇష్టం ఉంది, టైమే లేదు. ఈసారి అలాంటివాళ్లు ముగ్గురున్నారు. ఒకరు మానేశారు. ఇద్దరు ఆదివారం పొద్దున మాత్రం వస్తామన్నారు. ఆమె వాళ్ల కోసం ఆ పూట తెరిచింది, కొత్త పాఠాలేమీ లేకుండా ఉన్నవే వాయించుకునేటట్టు. మార్చి పరీక్షల దాకా అది నిలుస్తుందో లేదో చూడాలి.